గడప మునగకుండా: బైరాగిపట్టెడలో ఒక పాత ఇంటి ఫ్లోరింగ్ కేసు

నాకు ఫోన్ చేసేవాళ్ళు చాలామంది అప్పటికే టైల్ చూసేసుకొని ఉంటారు. రెండు బై నాలుగు, ఐవరీ రంగు, గ్లాసీ ఫినిష్, ఫోటో వాట్సాప్‌లో వచ్చేస్తుంది, ఇక నేను పోయి పరిచేయడమే తరువాయి అన్నట్టు మాట్లాడతారు. కొత్త అపార్ట్‌మెంటుకైతే సరే. పాత ఇంటికి టైల్ ఆఖరున చూసుకోవాల్సిన సంగతి. ముందు చూడాల్సింది ఎత్తు. ఏ గది ఏ మట్టంలో ఉంది, రోడ్డు ఎక్కడుంది, తలుపు కింద సందెంత, బాత్రూం ఎంత కిందికుంది, ఇవి తేలకుండా రంగు ఎంచుకుంటే తర్వాత తలుపులు కోసుకోవాలి, గడపలు పూడ్చుకోవాలి. ఇది ఎవరికి చెప్పినా తల ఊపుతారు గానీ నమ్మరు, అందుకే ఒక ఇంటి లెక్క మొత్తం ఇక్కడ పెడుతున్నా.

తిరుపతి బైరాగిపట్టెడలో 1984లో కట్టిన ఇల్లు. ఇంటి సార్ దేవస్థానంలో పనిచేసి రిటైరయ్యారు, ఆయన భార్యకు (నేను అమ్మ అంటా) మోకాళ్ళ నొప్పులు, కొడుకు బెంగళూరులో. కింద హాలు, రెండు బెడ్‌రూములు, స్టోర్ రూమ్ కలిపి 780 చదరపు అడుగులు మొజాయిక్, వంటిల్లు, పూజగది, వరండా రెడ్ ఆక్సైడ్ (ఎర్ర రంగు కలిపిన సిమెంటు నేల), వెనకాల బట్టలుతికే చోట కడప బండలు. ఆ రోజుల్లో మా ఊళ్ళో కాస్త చెయ్యాడే ఇల్లంటే ఇదే లెక్క. 1996లో మేడ మీద 480 అడుగులు లేపి, అప్పుడు ఫ్యాషన్‌గా ఉన్న అడుగు బై అడుగు సిరామిక్ టైల్స్ వేశారు. మొజాయిక్ రంగు మాసిపోయింది, హాల్లో కిటికీ దగ్గర కొంత మేర కుంగింది, వెనక బెడ్‌రూం మూలన తెల్లగా ఉప్పు తేలుతోంది, మేడ మీద టైల్స్ ఎండాకాలం వస్తే టపటపా లేస్తున్నాయి. ఇవీ వాళ్ళు చెప్పిన బాధలు.

కొడుకు వీడియో కాల్‌లో చెప్పింది వేరే. ఇల్లంతా అర అడుగు లేపి, ఉన్నదాని మీదే కాంక్రీటు వేసి, పైనా కిందా ఒకటే విట్రిఫైడ్ టైల్ పరచాలి. ఎందుకంటే 2021 నవంబరు వానల్లో వాళ్ళింట్లోకి నీళ్ళొచ్చాయి. ఆ వారం గుర్తున్నవాళ్ళెవరూ ఆ కోరికను తప్పుపట్టరు, ఊళ్ళో సగం వీధులు చెరువులైపోయాయి. పైగా ఆ ఇల్లు కట్టినప్పుడు రోడ్డు నుంచి వరండాకు నాలుగు మెట్లు ఉండేవట, ఇప్పుడు పైకి కనబడేవి ఒకటిన్నర. మిగతావి రోడ్డులో కలిసిపోయాయి. పాత కాలనీలన్నిటి కథా ఇదే, ఉన్న రోడ్డు తవ్వకుండా దానిమీదే ఇంకో రోడ్డు వేస్తారు, రోడ్డు పెరుగుతుంది, ఇల్లు పెరగదు.

మొదటిరోజు నేను టైల్ మాట ఎత్తలేదు. నీళ్ళ ట్యూబు, టేపు, ఒక ఐదు రూపాయల బిళ్ళ, రెండు ప్లాస్టిక్ షీట్లు, అంతే తీసుకుపోయింది. హాలు మధ్యలో నేలను సున్నా అనుకొని, గేటు దగ్గర్నుంచి వెనక గోడ దాకా ప్రతి చోటా అది సున్నా కంటే ఎంత పైన, ఎంత కింద అని ఒక కాగితం మీద రాసుకున్నాం. సార్ స్వయంగా ట్యూబు రెండో కొస పట్టుకున్నారు. లేజర్ మిషన్ నా దగ్గరా ఉంది గానీ మలుపులున్న పాత ఇంట్లో నీళ్ళ ట్యూబు గోడ చాటుక్కూడా మట్టం చెబుతుంది, దాన్ని నేను వదల్లేదు. తేలిందేమిటంటే రోడ్డు హాలు కంటే 9 అంగుళాలు కింద, గేటు లోపలి ఆవరణ 4 అంగుళాలు మాత్రమే కింద, బాత్రూం 2 అంగుళాలు కింద. వెనక బెడ్‌రూం గోడకు బయట పూలమొక్కల మట్టి అయితే హాలు నేల కంటే 3 అంగుళాలు పైన!

ఇప్పుడు అర అడుగు లేపితే ఏమవుతుంది? మా లెక్క ఇలా వచ్చింది. కింద అంతా కలిపి 1,080 చదరపు అడుగులు, అర అడుగు నింపాలంటే 540 ఘనపుటడుగులు, ట్రాక్టరుతో ఐదారు లోడ్లు. అది డబ్బుతో పోయేది. డబ్బుతో పోనివి ఇవి: ఏడడుగుల ద్వారబంధాలు ఆరున్నరకు దిగుతాయి, తలుపులన్నీ కింద అర అడుగు కోయాలి, ఆ పాత టేకు తలుపులకు కింద అడ్డచెక్క అక్కడే ఉంటుంది, కోస్తే తలుపు బిగువే పోతుంది. వంటగట్టు 32 అంగుళాలున్నది 26కి వస్తుంది, అంటే దాన్నీ పగలగొట్టాలి. బాత్రూం 2 అంగుళాలు కిందున్నది 8 అంగుళాల గుంట అవుతుంది, మోకాళ్ళ నొప్పులున్న మనిషి రాత్రి నిద్రలో ఆ గుంటలోకి కాలు పెట్టాలి. లేదంటే బాత్రూం కూడా లేపాలి, పైపులతో సహా.

ఇవన్నీ చెబుతుంటే కొడుకు ఒక్కోదానికీ ఒక్కో జవాబు చెబుతూ వచ్చాడు, డబ్బులు పెడదాం అన్నాడు. మాట ఆపింది అమ్మ. "ఆ గడపకు నలభై ఏండ్లుగా పసుపు రాస్తా ఉండా నాయనా. దాన్ని పూడ్చిపెట్టి దాని మీద నడవమంటావా?" అని. అర అడుగు లేపితే గడప నేలలోకి పోతుందని అతనికి అప్పటిదాకా తట్టలేదు. వాస్తు సంగతి నాకు తెలీదు, గడపను పూడ్చే పని మాత్రం నేను ఒప్పుకోను, తర్వాత ఆ ఇంట్లో ఎవరికి తలనొప్పి వచ్చినా నా పేరే చెబుతారు.

మరి వాన నీళ్ళ సంగతి? 2021లో నీళ్ళు ఎట్లా వచ్చాయో సార్‌ను కూర్చోబెట్టి అడిగితే, అప్పుడు తెలిసింది. ముందు వరండా మీంచి రాలేదు. మొదట బాత్రూం నహానీ ట్రాప్ (నేల మీది నీళ్ళు డ్రైనేజీలోకి పోయే జాలీ గుంట) నుంచి పొంగాయి, ఆ తర్వాత గేటు కింద నుంచి ఆవరణలోకి వచ్చి, వరండా అంచుదాకా వచ్చి ఆగాయి. అంటే డ్రైనేజీ నిండి వెనక్కి తన్నింది. నేలను అర అడుగు లేపితే ట్రాప్ నుంచి వచ్చే నీళ్ళు ఆగవు, పైగా అది ఫ్లోరింగ్ పని కాదు, ప్లంబింగ్ పని. చివరి డ్రైనేజీ చాంబర్ దగ్గర, నీళ్ళను బయటికే తప్ప వెనక్కి రానివ్వని నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టించి, గేటు దగ్గర ర్యాంపులా 7 అంగుళాల కట్ట కట్టించాం, బండి ఎక్కేట్టు వాటంగా. వానల్లో వాల్వ్ మూసుకున్నంత సేపు ఇంట్లో నీళ్ళు కూడా బయటికి పోవు, ఆ కాసేపు స్నానాలు ఆపుకోవాలని ముందే చెప్పా. ఇంతకంటే పెద్ద వాన వస్తే ఏమిటని కొడుకు అడిగాడు. వస్తే వస్తాయి అన్నా. నేను గ్యారంటీ ఇచ్చేది టైలుకి, ఆకాశానికి కాదు.

ఇక చెమ్మ. వెనక బెడ్‌రూం మూలన మొజాయిక్ మీద, హాలు మధ్యలో, రెండు చోట్ల అడుగున్నర ప్లాస్టిక్ షీట్లు నాలుగు వైపులా టేపు అంటించి వదిలేశా. 16 గంటలు తక్కువ కాకుండా ఉంచాలి, మేం సాయంత్రం పెట్టి మర్నాడు మధ్యాహ్నం తీశాం. హాల్లో షీటు పొడిగా ఉంది. బెడ్‌రూం మూల షీటు కింద చెమట పట్టినట్టు నీటి బొట్లు. ఇక్కడ చాలామంది చేసేది ఏమిటంటే దానిమీద వాటర్‌ప్రూఫ్ కెమికల్ పూసి టైల్ వేసేయడం, అప్పుడు ఆ చెమ్మ టైల్ కింద ఇరుక్కొని గోడెక్కుతుంది, రెండేళ్ళకు పెయింటు పొక్కులు లేస్తాయి, మళ్ళీ మనకే ఫోను. కారణం బయటుంది. రోడ్డు పెరిగినప్పుడల్లా ఆవరణలోనూ మట్టి పోయిస్తూ వచ్చారు, వెనక అయితే మొక్కలకని ఇంకా ఎక్కువ. బేస్‌మెంటు మీద గోడ లేపకముందు చెమ్మ ఆపడానికి డీపీసీ అని ఒక పొర వేస్తారు, ఆ మట్టి డీపీసీని దాటి పైకి పోయింది. అమ్మ రోజూ మల్లెచెట్టుకు పోసే నీళ్ళు నేరుగా గోడలోకి, అక్కణ్ణుంచి నేల కిందికి.

కాబట్టి ఫ్లోరింగ్ పని మొదలైంది గడ్డపారతో, ఇంటి బయట. గోడ వెంబడి రెండడుగుల వెడల్పున మట్టి తీసేసి, నేల మట్టం కంటే అర అడుగు కిందికి దింపి, గోడకు పూత పూసి, నీళ్ళు గోడకు దూరంగా పోయేట్టు బండలు వాటంగా పరిచాం. మల్లెచెట్టును డ్రమ్ములోకి మార్చాం. దానికి అమ్మ నాతో రెండ్రోజులు మాట్లాడలేదు.

తర్వాత బిళ్ళతో తట్టడం. ప్రతి మొజాయిక్ టైలు మీదా బిళ్ళ తట్టుకుంటూ పోతే గట్టిగా ఉన్నది ఒక రకంగా, డొల్లది ఒక రకంగా మోగుతుంది. డొల్లవాటికి సుద్దముక్కతో గుర్తు పెట్టాం. కింద కిటికీ దగ్గర కుంగిన చోటు తప్ప మొత్తం గట్టిగా ఉంది. నలభై ఏళ్ళ కిందటి పని! ఇప్పుడు నేను వేయిస్తున్నవి నలభై ఏళ్ళు నిలుస్తాయా అంటే నేనే గట్టిగా చెప్పలేను. మేడ మీద మాత్రం ఎక్కడ తట్టినా డొల్లే.

కుంగిన చోట 22 టైళ్ళు జాగ్రత్తగా లేపితే కింద పందికొక్కు దారి. మనిషి చెయ్యి భుజం దాకా పోయింది. మా బేల్దారి "అన్నా, ఇది ఇల్లు కాదు, దానిది అపార్ట్‌మెంటు" అన్నాడు. మట్టి తవ్వి, గాజుపెంకులు కలిపిన కంకర దట్టించి, దిమ్మెసతో కొట్టి, 1:4:8 కాంక్రీటు (ఒక పాలు సిమెంటు, నాలుగు ఇసుక, ఎనిమిది కంకర) నాలుగు అంగుళాలు వేశాం. ఇక టైళ్ళ సమస్య. లేపేటప్పుడు తొమ్మిది పగిలాయి. ఆ పచ్చ, తెలుపు చిప్స్ కలిసిన పది అంగుళాల టైలు ఇప్పుడు ఎవరూ చేసివ్వరు, ఇచ్చినా రంగు కలవదు. స్టోర్ రూములో బీరువా కింద ఉన్న టైళ్ళు తొమ్మిది తీసి హాల్లో వేశాం, బీరువా కింద మామూలు సిమెంటు పోసేశాం. బీరువా కింద ఎవరు చూడొచ్చారు?

మొజాయిక్ ఉంచేయాలా, తీసేయాలా అన్నదే అసలు నిర్ణయం. కొడుక్కు నేను చెప్పింది ఒక్కటే, మొజాయిక్ టైల్లో పైన చిప్స్ ఉన్న పొర 5, 6 మిల్లీమీటర్లు ఉంటుంది, పాలిష్‌లో మనం అరగదీసేది ఒక మిల్లీమీటరు లోపే. అంటే ఇంకో రెండు మూడు పాలిష్‌లకు సరిపడా నేల అక్కడే ఉంది. ఎత్తు ఒక్క నూలు కూడా పెరగదు, తలుపు కోయక్కర్లేదు, గడప అట్లనే ఉంటుంది. అతను మెరుపు రాదేమో అన్నాడు. వరండా పక్కన ఒక మూల రెండడుగుల మేర చేతిరాయితో రుద్ది చూపించా. అమ్మ ముందుకొచ్చి చూసి, గృహప్రవేశం నాడు ఇట్లనే ఉండింది అంది. అక్కడితో తేలిపోయింది.

ఆ నేల మాసిపోవడానికి కారణం వయసు కాదు, యాసిడ్. ఇల్లు తుడిచే నీళ్ళలో బాత్రూం యాసిడ్ ఒక మూత పోస్తే తెల్లగా అవుతుందని ఎవరో చెప్పారట. మొజాయిక్ అంటే సిమెంటు, పాలరాయి ముక్కలు. యాసిడ్ రెంటినీ తింటుంది. నురగ వస్తుంటే మురికి పోతోందనుకుంటారు, పోయేది నేల.

పని ఇలా సాగింది. ముందు సోడా నీళ్ళతో జిడ్డు కడిగి, గుంటల్లో, జాయింట్లలో తెల్ల సిమెంటులో రంగు కలిపి సిమెంటు పాలు పట్టించాం. రంగు కోసం ముందురోజు అట్టముక్క మీద ఐదు రకాలు కలిపి ఆరబెట్టి చూశాం, తడిగా ఉన్నప్పటి రంగును నమ్మకూడదు. ఐదు రోజులు తడిపి ఉంచి, తర్వాత మిషన్ పెట్టాం. ముందు గరుకైన 60 నంబరు రాయి (నంబరు పెరిగేకొద్దీ నున్నన), తర్వాత 120, మళ్ళీ ఒకసారి పాలు పట్టించి రెండు రోజులు ఆగి, 220, ఆఖరున 400. చివర ఆక్సాలిక్ యాసిడ్ పొడి, చదరపు మీటరుకు 33 గ్రాముల లెక్కన చల్లి, నీళ్ళు చిలకరించి, గోనె ముద్దతో రుద్దాలి. ఇది బాత్రూం యాసిడ్ లాంటిది కాదు, కానీ విషమే, పని జరిగే రెండ్రోజులు చిన్నపిల్లల్ని ఆ గదిలోకి రానివ్వొద్దు. మిషన్ ఎప్పుడూ నీళ్ళతోనే తిప్పాలి, పొడిగా తిప్పితే లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగిరాదు. మా కుర్రాళ్ళు ముక్కుకు గుడ్డ కట్టుకుంటారు, మాస్కు పెట్టుకోమంటే ఉక్కపోతంటారు, దీనికి నాకూ వాళ్ళకూ రోజూ గొడవే.

ఇక్కడే నా తప్పు ఒకటి. మిషన్ తిరిగేటప్పుడు వచ్చే బురదను బక్కెట్లకెత్తి వెనక గుంటలో పోయమని చెప్పా, మూడోరోజు నేను చంద్రగిరిలో ఇంకో సైటుకు పోయా. కుర్రాళ్ళు మోయలేక వైపరుతో బాత్రూంలోకి తోసేశారు. ఆ బురద అంటే సిమెంటు, రాతిపొడి, అది ట్రాపులో కూర్చుంటే మర్నాటికి రాయే. ట్రాపు పగలగొట్టి, నాలుగడుగుల పైపు మార్చి, బాత్రూంలో ఆరు టైళ్ళు కొత్తవి వేయాల్సి వచ్చింది. ఆ ఆరు వేల చిల్లర నా జేబులోంచే పోయింది, నాలుగు రోజులు కూడా. ఇప్పుడు పాలిష్ మొదలుపెట్టే ముందు బాత్రూం ట్రాపులకు గుడ్డ కుక్కి పైన టేపు వేయిస్తున్నా.

రెడ్ ఆక్సైడ్ గురించి ఎక్కువ చెప్పను. పూజగదిలో ఒక మూల నుంచి ఇంకో మూలకు సన్నటి చీలిక ఉంది. అది పూడిస్తే మచ్చలా కనబడుతుంది, పాత ఎరుపుకు కొత్త ఎరుపు ఎప్పటికీ కలవదు. వదిలేశాం. వరండాకూ దానికీ కడిగి మైనం పట్టించాం, అంతే.

వంటింటి నేల మాత్రం పగలగొట్టాం. నూనె ఇంకిపోయి, సిలిండరు ఈడ్చి ఈడ్చి గుంటలు పడి, బాగుచేసే స్థితి దాటింది. ఇక్కడ మళ్ళీ ఎత్తు లెక్కే. వంటిల్లు, హాలు ఒకే మట్టంలో ఉన్నాయి, అది అలాగే ఉండాలి. కాబట్టి పాత నేలను అంగుళమున్నర లోతున తీసి, అంగుళానికి కాస్త ఎక్కువ మాలు (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద), దానిమీద 9 మిల్లీమీటర్ల మ్యాట్ టైలు వేశాం. గ్లాసీ వద్దన్నా. వంటింట్లో నీళ్ళు, నూనె పడకుండా ఉండవు, ఆ వయసులో జారితే లేవడం కష్టం. గది మూలమట్టానికి లేదు, మూల నుంచి ఎదురు మూలకు కర్ణాలు కొలిస్తే అంగుళంన్నర తేడా. అందుకే హాలు గుమ్మం దగ్గర నిండు టైలుతో మొదలుపెట్టి, కోసిన ముక్కలన్నీ గట్టు కిందికి తోశాం. పాత ఇళ్ళల్లో ఏ గదీ చదరంగా ఉండదు, పెద్ద టైలు వేసేకొద్దీ ఆ వంకర బయటపడుతుంది.

మేడ మీద కొడుకు కోరిక పాత టైల్స్ మీదే కొత్తవి పరచడం. గట్టిగా ఉన్న టైల్స్ మీదైతే మంచి అడెసివ్‌తో చేయొచ్చు, ఎత్తు కూడా అర అంగుళమే పెరుగుతుంది. డొల్ల టైల్ మీద అంటించిన టైల్ డొల్లగానే ఉంటుంది కదా. ఇంకో మేస్త్రీ అతనికి రెండంగుళాల మాలు వేసి పైన పరిచేద్దామని చెప్పాడట. కాగితం తీశా. రెండంగుళాల మాలు చదరపు మీటరుకు 105 కేజీలు, టైలు 20, మొత్తం 125. మేడ 480 అడుగులు అంటే దాదాపు 44.6 చదరపు మీటర్లు, ఐదున్నర టన్నులు. ఇళ్ళ స్లాబులకు మనుషులు, సామాన్ల కోసం లెక్కలో పట్టుకునే బరువే చదరపు మీటరుకు సుమారు 200 కేజీలు. అందులో సగానికి పైగా మనమే మాలు రూపంలో పోసి కూర్చుంటే ఎట్లా? 1996లో ఎంత ఇనుము వేశారో సార్‌కూ గుర్తులేదు. పాతవి, పాత మాలుతో సహా తీయించాం, బ్రేకర్ మిషన్ వద్దని సుత్తీ ఉలితోనే. ఎనిమిది రోజులు పట్టింది. మిషన్ పెట్టి ఉంటే రెండు రోజులు, కానీ కింద సీలింగు ప్లాస్టరింగు ఊడి పడేది.

టైల్స్ కొనేటప్పుడు ఒక మాట. బాక్సు మీద బ్యాచ్ నంబరు, షేడ్ నంబరు ఉంటాయి. ఇంటికి దించుకునేటప్పుడే ప్రతి బాక్సుదీ చూసుకోవాలి, మాకు 34లో మూడు వేరే షేడ్ వచ్చాయి, అప్పుడే వెనక్కి పంపాం. పరిచాక చెబితే షాపువాడు నవ్వుతాడు. నూటికి ఎనిమిది ఎక్కువ తీసుకొని, మిగిలినవాటిలో ఒక బాక్సు అటక మీద పెట్టించా.

ఎప్పుడు చేయాలన్నదాని మీద కూడా పెద్ద చర్చే జరిగింది. కొడుకు సెలవులు మేలో. ఆ నెలలో ఇక్కడ పొద్దున పోసిన మాలు మధ్యాహ్నానికి ఎండి పొడి రాలుతుంది, పైగా గంగమ్మ జాతర వారం మా కుర్రాళ్ళలో ఒక్కడూ పనికి రాడు, వేషాలు కట్టేవాళ్ళు కూడా ఉన్నారు. సెప్టెంబరు, అక్టోబరులో బ్రహ్మోత్సవాలు, తిరుపతిలో ఇల్లున్న పాపానికి దర్శనానికొచ్చే చుట్టాలతో ఇంట్లో కాలు పెట్టే చోటుండదు. నవంబరు, డిసెంబరు వానలు. అలా కొట్టేసుకుంటూ పోతే సంక్రాంతి నుంచి ఉగాది మధ్య మిగిలింది. 2024 జనవరి చివర మొదలుపెట్టాం. ముందు మేడ పూర్తి చేసి, కింది సామానంతా పైకి చేర్చి, కింద పాలిష్ మొదలుపెట్టేటప్పుడు అమ్మ మదనపల్లెలో కూతురింటికి పోయింది, సార్ మేడ మీదే ఉండి రోజూ పూజగదిలో దీపం పెట్టడానికి బురదలో ఇటుకల మీద అడుగులేసుకుంటూ వచ్చేవారు. నేను 26 రోజులన్నా, 41 పట్టింది. అందులో నాలుగు ట్రాపు పుణ్యం, మిగతావి ఎక్కువగా చెమ్మ మూల ఆరడానికి ఆగినవి. ఆ మూల రెండోసారి షీటు పెట్టి పొడిగా వచ్చాకే పాలిష్ మిషన్ పెట్టనిచ్చా.

డబ్బు సంగతి. మొజాయిక్ పాలిష్ 780 అడుగులు, అడుగుకు 38 చొప్పున 29,640. కుంగిన చోటు బాగుకు 9,000. వంటిల్లు 110 అడుగులు అన్నీ కలిపి 18,150. మేడ, తీయడం, టైలు, మాలు, కూలీ అన్నీ కలిపి అడుగుకు 136 పడి 65,280. బయట మట్టి, బండలు, గేటు కట్ట, వాల్వ్ 21,000. మొత్తం 1,43,070 రూపాయలు. ఇల్లంతా లేపే పనికి వేరేవాళ్ళు అతనికి ఇచ్చిన కొటేషన్ మూడు లక్షల పైన, అందులో తలుపుల పని, బాత్రూం పని లేవు.

ఆ ఏడాది అక్టోబరు వానల్లో సార్‌కు ఫోన్ చేశా. నీళ్ళు గేటు కట్ట దగ్గరికొచ్చి నిలబడ్డాయట, లోపలికి రాలేదు, బాత్రూంలో పొంగలేదు. వెనక మూల ఎలా ఉందంటే, ఫోన్ అమ్మకిచ్చారు. "ఉప్పు కొంచెం తేలతా ఉండాది నాయనా, ముందు మాదిరి కాదులే" అంది. గోడలో మిగిలిన పాత చెమ్మ అనుకుంటున్నా, ఇంకో ఎండాకాలం పోయాక షీటు పెట్టి మళ్ళీ చూడాలి. డ్రమ్ములో మల్లెచెట్టు బతికిందా అని అడిగా. బతికిందట, పూలు మాత్రం అప్పటి మాదిరి లేవట.